మేనమామ తీసిన మరక

పద్నాలుగేళ్లు దోహాలో ఉన్నాను. ఆ పద్నాలుగేళ్లలో షేకుల తెల్ల అంగీలు, దొరసానుల గౌన్లు, విందుల్లో పరిచే మేజాగుడ్డలు ఎన్ని నా చేతుల మీదుగా వెళ్లాయో చెప్పలేను గానీ, ఒక్కటంటే ఒక్క గుడ్డ కూడా నా వల్ల పాడు కాలేదు. అలాంటి నేను జహీరాబాద్ తిరిగొచ్చిన ఇరవయ్యో రోజు పొద్దున ఒక చీర పాడుచేశాను. అది ఎవరి చీరో, ఏ పూట కట్టుకోవాల్సిన చీరో చెబితే మీరు చదవడం ఆపి నన్ను తిట్టిపోస్తారు. తిట్టండి, మావాళ్లందరూ తిట్టేశారు, ఇక మీరే మిగిలారు. కాకపోతే మొదట్నుంచి చెప్పనివ్వండి, అప్పుడు కడుపునిండా తిట్టవచ్చు.

నా పేరు నర్సింలు. మాది ఝరాసంగం దగ్గర చిన్న ఊరు. నాన్న జొన్న, కంది వేసేవాడు. నేను ఇంటర్ రెండుసార్లు తప్పి, మూడోసారి పరీక్ష ఫీజుకు బదులు పాస్‌పోర్టుకు కట్టాను. "హోటల్లో పని" అన్నాడు ఏజెంటు. హోటల్ అనగానే, కోటు వేసుకుని అద్దాల తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లకు నవ్వు పంచే ఉద్యోగమని ఊహించుకున్నాను. విమానం దిగేవరకూ అద్దంలో చూసుకుంటూ ఆ నవ్వు ప్రాక్టీసు చేశాను కూడా. తీరా తీసుకెళ్లి భూమి కింది అంతస్తులో, లాండ్రీలో నిలబెట్టారు.

అందులోనూ నాది మరకల బల్ల. బట్ట మిషన్లోకి వెళ్లకముందే దాని మీది మరక దేనిదో కనిపెట్టాలి. దానికి తగిన మందు చల్లి, చిన్న బ్రష్షుతో తట్టి తట్టి పోగొట్టాలి. ఆ పనివాణ్ణి అక్కడ స్పాటర్ అంటారు. కాఫీకి ఒక మందు, రక్తానికి ఒక మందు, లిప్‌స్టిక్‌కు ఇంకో మందు. మూడేళ్లకే ఆ పనిలో ఎంత చెయ్యి తిరిగిందంటే, మరక చూసి ఆ మనిషి రాత్రి ఏం తిన్నాడో, ఎవరితో పోట్లాడాడో చెప్పగలిగేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు ఆ పని చాలా ఇష్టం.

ఇష్టమైతే మాత్రం, ఇంట్లో చెప్పుకోవద్దూ? మొదటి నెల నాన్న ఫోన్లో "ఏం పనిరా?" అంటే లాండ్రీ అని చెప్పుకోలేకపోయాను. మాకున్నది రెండెకరాల చెలకే అయినా, మా ఇంట్లో మగవాళ్లకు ఉతికిన అంగీ తొడుక్కోవడమే తెలుసు, ఉతకడం తెలియదు. అది ఇతరుల పని, తక్కువ పని అనుకుంటూ పెరిగిన బుర్ర నాది. ఆ బుర్రకు ఏ మందూ వేయకపోబట్టి నోట్లోంచి "సూపర్‌వైజర్ని నాయినా" అని ఊడిపడింది. ఆ తర్వాత నేను ఏ ఇంటర్వ్యూకూ వెళ్లకుండానే మా ఊళ్లో నాకు ప్రమోషన్లు రావడం మొదలైంది. రెండో ఏటికి చిన్న మేనేజర్ని, అయిదో ఏటికి పెద్ద మేనేజర్ని. ఇంకో రెండేళ్లు ఉండి ఉంటే మావాళ్లు ఆ హోటల్ నా పేరనే రాసేసేవారు. అసలు సంగతి మా ఆవిడ సుజాతకు ఒక్కదానికే తెలుసు. ఆమె కూడా "నీ అబద్ధం నువ్వే మోసుకో, నన్నడగకు" అని ఊరుకుంది.

ఇక మా పద్మక్క. జహీరాబాద్‌లో రైల్వే స్టేషన్ వెనక గల్లీలో ఉంటుంది. బావ పోయి ఆరేళ్లయింది. బావ పోయినప్పుడు సెలవు దొరక్క నేను రాలేదు. మేనకోడలు శిరీష హాఫ్ సారీ ఫంక్షన్‌కూ రాలేదు, దాని డిగ్రీ ఫలితం వచ్చిన రోజూ లేను. అన్నిటికీ ఫోన్లోంచే చెయ్యి ఊపాను. అక్క ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు గుచ్చుకునేది. అందుకే శిరీషకు బీదర్ సంబంధం కుదిరిందని తెలియగానే ఉద్యోగం మానేసి, సామాను సర్దుకుని, ఇక అటు మళ్లేది లేదని వచ్చేశాను.

వచ్చిన రోజే అక్క నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"తమ్మీ, పెండ్లి పనులన్ని నేను జూస్కుంట. నీకు ఒక్కటే పని. మేనమామ చీర నువ్వే తేవాలె, నీ చేతులతోనే పిల్లకియ్యాలె. తండ్రి లేని పిల్లరా అది. మండపంల దాని పక్కన నిలవడేటోనివి నువ్వొక్కనివే. గా ఒక్క పని మంచిగ జెయ్యి, నాకింకేం వద్దు."

మా వైపు జీలకర్రబెల్లం పెట్టే వేళకు పెళ్లికూతురు కట్టుకునేది మేనమామ తెచ్చిన తెల్ల నూలుచీర, ఎర్ర అంచుది. పట్టుచీరలు పెట్టెనిండా ఉన్నా ఆ పూటకు మాత్రం అదే. పద్నాలుగేళ్ల గైరుహాజరు మొత్తాన్ని ఆ ఒక్క చీరతో సరిచేసుకోవాలని నేను గట్టిగా అనుకున్నాను. జహీరాబాద్ బజారులో ఆరు దుకాణాలు తిరిగాను. చీరను వెలుగుకు ఎత్తిపట్టి, పోగు పోగు చూసి, ఎర్ర అంచును తడి వేలితో రుద్ది రంగు దిగుతుందేమో పరీక్షించాను. దుకాణం సేటు చాలాసేపు ఓర్చుకుని, "క్యా సాబ్, చీర కొంటున్నరా, ఎక్స్‌రే తీస్తున్నరా?" అన్నాడు. ఆఖరికి పాలనురుగులాంటి చీర ఒకటి దొరికింది. దాన్ని ఇంటికి తెస్తుంటే, పసిపిల్లను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చుకుంటున్నట్టు అనిపించింది.

పెళ్లి ముందురోజు సాయంత్రం మగపెళ్లివాళ్లను ఎదుర్కొని తీసుకురావడానికి, చీరను అక్క దగ్గర పెట్టి, నేను బీదర్ రోడ్డుకు వెళ్లాను. వాళ్లకు విడిది మా అక్క ఇంటి ఎదురుగా, గల్లీ అవతలి మేడలోనే. నేను తిరిగొచ్చేసరికి ఇంటిముందు హల్దీ ఫంక్షన్ జరుగుతోంది. ఒకరి మొహాన ఒకరు పసుపు కొట్టుకుంటున్నారు, గోడలకు కొట్టారు, డీజే డబ్బాకూ కొట్టారు. అక్క ఆ గుంపులోంచి వచ్చి ఎర్రగుడ్డలో చుట్టిన మూట ఒకటి నా చేతిలో పెట్టింది.

"గిదో చీర. పొద్దుగాల నేనడిగేదాంక నీ దగ్గర్నే వెట్టుకో. ఒక్క మరక వడకుంట జూస్కో, జర."

మరకల సంగతి నాతో చెబుతోంది! నాతో! లోలోపల మీసం మెలేసుకుని మూటను బీరువాలో పెట్టి తాళం వేశాను.

తెల్లవారి అయిదున్నరకు మెలకువ వచ్చింది. ఒక్కసారి చూసి పెట్టుకుందామని మూట విప్పాను. నా పాలనురుగు చీర మీద పసుపు! కొంగుకు పసుపు, ఆ చివర పసుపు, ఈ చివర పసుపు.

హల్దీలో తడి చేతులతో ఎవరో మూట విప్పి చూశారని క్షణంలో తేల్చేశాను. మీరిప్పుడు ఒక ప్రశ్న అడుగుతారు. గుంపులో పొరపాటున పడ్డ మరక నాలుగు మూలలకూ కొలిచినట్టు జానెడు జానెడు పడుతుందా? చాలా మంచి ప్రశ్న. నాకు ఆ ప్రశ్న ఏడున్నరకు గానీ తట్టలేదు. ఇంకొకటి కూడా అడుగుతారు: నీ పెళ్లిలో ఇట్లాంటి చీర చూడలేదా అని. చూశాను. కానీ ఆ పూట సుజాత ఆ చీరలో ఎదురుగా కూర్చుని ఉంది, నా కళ్లు చీర మూలల మీద లేవు.

దోహా నుంచి వచ్చేటప్పుడు నా మందుల పెట్టె వెంట తెచ్చుకున్నాను. ఎవరికీ కనబడకుండా సూట్‌కేసు అడుగున పెట్టాను, మేనేజర్ సామాన్లలో బ్రష్షులుంటే బాగుండదు కదా. పసుపు మరకకు రెండు మందులు. మొదటిది సబ్బు జాతిది, అది వేయగానే పసుపు ఎర్రబడుతుంది. దిష్టికి ఎర్రనీళ్లు చేయడానికి పసుపులో సున్నం కలుపుతారు చూడండి, అదే సంగతి. అప్పుడు రెండో మందు వేస్తే ఆ ఎరుపు కూడా ఎగిరిపోయి బట్ట తెల్లగా మిగులుతుంది. పసుపు మరకలు అక్కడ నాకు రోజువారీ పని. ఆ హోటల్‌కు వచ్చినవాళ్లు బిర్యానీ తినకుండా పోతారా ఏమిటి?

నాలుగు మూలలకూ మొదటి మందు వేసి బ్రష్షుతో తట్టాను. చక్కగా ఎర్రబడ్డాయి. సంతోషంగా రెండో మందు కోసం పెట్టెలో చెయ్యి పెట్టాను. ఆ గడి ఖాళీగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. దోహా విమానాశ్రయంలో ఒకాయన పెట్టె తెరిపించి, సీసాలన్నీ వాసన చూసి, ఆ ఒక్కదాన్ని మాత్రం తీసి పక్కన పెట్టాడు. "పోనీలే, జహీరాబాద్‌లో నాకు పసుపు మరకతో ఏం పని" అనుకుని వదిలేసి వచ్చాను.

ఇక్కడితో ఆగితే నాలుగు ఎర్ర మూలలతో పోయేది. కానీ కంగారు పడ్డ పనివాడు ఊరుకోలేడు. బకెట్లో నీళ్లు పోసి, బట్టల సబ్బు పొడి గుప్పెడు వేసి, చీర మొత్తం ముంచి రెండు గుంజులు గుంజాను. మూలల్లోని పసుపు సబ్బునీళ్లలో కరిగి, ఎర్రబడి, చీరంతా పాకింది. పైకి తీస్తే ఎక్కడ చూసినా ఎర్ర చారలు, ఎర్ర మచ్చలు. ఎవరినో పొడిచి తుడిచినట్టుంది.

ఎండకు పసుపు వెలిసిపోతుంది కదా, ఎరుపు కూడా వెలిసిపోదా అని మేడ మీదికి పరుగెత్తి తాడు మీద ఆరేశాను. ఏడు కావస్తోంది. సూర్యుడు అప్పుడే ఆవులిస్తూ లేస్తున్నాడు. నేను చీర పక్కన నిలబడి ఆయన్ను తొందరపెడుతున్నాను.

"అయ్యయ్యో! మేనేజరన్నా!"

ఎదురు మేడ మీంచి కేక. చూస్తే విడిదిలోని మా వియ్యపురాలు కళావతమ్మ, పెళ్లికొడుకు తల్లి. తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకోవడానికి పైకి వచ్చింది. బీదర్ మనిషి, మాట్లాడేటప్పుడు తెలుగు మధ్యలో కన్నడం దొర్లుతుంది.

"ఏనాయ్తు అన్నా? గా తాడు మీద ఏంది? ఎవలికన్న దెబ్బ దాకిందా?"

"అబ్బే, ఏం లేదమ్మా. చీర."

"చీరనా? ఏం చీర?"

గల్లీ మీదుగా అబద్ధం చెప్పాలంటే గట్టిగా అరిచి చెప్పాలి. అది చాలా కష్టమైన పని.

"పెండ్లిచీర అమ్మా! మేనమామ చీర!"

ఆమె తువ్వాలు జారవిడిచింది. "పెండ్లిచీర గట్ల ఎర్రగ ఎందుకున్నది?"

"దోహాల ఇప్పుడు గిదే నడుస్తున్నదమ్మా! పెద్ద పెద్దోళ్ల పెండ్లిలల్ల అందరు గిట్లనే కడుతున్నరు!"

"ఎర్రనీళ్లు దిష్టికి తీస్తరన్నా, బట్టలకు వోస్తరా? పద్మవదినెకు ఎర్కనా గీ సంగతి?"

"ఎర్కే, ఎర్కే! మీరు తల ఆరవెట్టుకోండ్రి!"

ఆమె తల ఆరబెట్టుకోలేదు. అక్కడే నిలబడి చీరను, నన్ను మార్చి మార్చి చూస్తోంది. ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడయింది. సుజాత టీ గ్లాసుతో పైకి వచ్చి, తాడు వైపు చూసి, గ్లాసు గోడ మీద పెట్టింది.

"ఏం జేసినవయ్యా?"

"మరక తీసిన."

"ఏం మరక?"

"పసుపు మరక. నాలుగు మూలలకు అంటింది. రాత్రి ఆ హల్దీలనే ఎవలో..."

సుజాత రెండు చేతులతో నెత్తి పట్టుకుంది. "అది మరక గాదు. నువ్వు బీదర్ రోడ్డుకు వోయినప్పుడు అయిదుగురు ముత్తయిదలు గూసోని, పాట వాడుకుంట, నాలుగు చెంగులు పసుపుల ముంచిన్రు. పసుపు ముంచక తెల్లచీర ఉత్తగ గడతరా పెండ్లిపిల్లకు? మీ అక్కను గూడ వాళ్లే పిలిచి గూసోవెట్టిన్రు, ఏడ్సుకుంట ముంచింది. బావ యాదికొచ్చిండట."

అక్కడే ట్యాంకు గట్టు మీద కూలబడ్డాను. నవ్వించడానికే ఈ కథ చెబుతున్నాను గానీ ఆ క్షణం నాకు నిజంగా ఏడుపొచ్చింది. అక్క నన్ను అడిగింది ఒక్కటే పని. అక్క ఏడుస్తూ ముంచిన పసుపును పట్టుకుని, పొద్దున్నే లేచి, ఎంతో నేర్పుగా ఊడబెరికాను.

కింద నుంచి అక్క గొంతు వినిపించింది. "తమ్మీ! పిల్లకు తానం వోస్తున్నం. గంటల చీర తేవాలె!"

"తెస్త అక్కా!" అని అరిచాను. నా గొంతు మేకపిల్ల గొంతులా వచ్చింది.

"రాజవ్వ దగ్గరికి వో," అంది సుజాత.

రాజవ్వది గల్లీ మొదట్లో ఇస్త్రీ బండి. ఈ గల్లీలో ఏ పెళ్లి జరిగినా పెళ్లికూతురు మండపానికి నడిచి వెళ్లే దారిలో బట్ట పరిచేది రాజవ్వ ఇంటివాళ్లే. ఆ పని కోసం ఆమె అప్పటికే తయారై, కొత్త చీర కట్టుకుని, బొగ్గుల పెట్టెకు నిప్పు చేస్తోంది.

"ఏమని వోవాలె? దోహా మేనేజర్ని, చీర ఉతకరాక చెడగొట్టిన అని చెప్పాలెనా?"

"లేకపోతే అదే మాట అక్కకు జెప్పు. ఏది చెప్తవో నువ్వే చూసుకో."

బకెట్లో చీర వేసుకుని పెరటి మెట్ల మీంచి దిగి గోడ పక్కన నక్కి నక్కి వెళ్లాను. రాజవ్వ నన్ను చూసి నవ్వింది.

"ఏంది మేనేజర్ సాబ్, పొద్దుగాల్నే బకిట వట్టుకొని?"

"రాజవ్వా, ఇంట్ల పనామె ఒకామె తెలవక సబ్బుల వేసింది. జర చూడు."

అవును. ఆ పరిస్థితిలో కూడా మేనేజర్ హోదా వదల్లేదు, లేని పనామె మీదికి నెట్టాను. నాకే అసహ్యం వేసింది. రాజవ్వ చీర మూల పట్టుకుని వెలుగుకు ఎత్తింది, వాసన చూసింది, వేలితో రుద్దింది. నేను పద్నాలుగేళ్లు చేసింది అచ్చంగా అదే. తర్వాత చీర వదిలి నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

"మూలలు బ్రష్షుతోని కొట్టిన్రు. పని తెలిసినోళ్లే కొట్టిన్రు, పోగు జరగలే. మరి ఈ గోర్లేంది కొడుకా? మందులల్ల నాని నాని గిట్లయితయి. మా ఆయనకు గిట్లనే ఉండె. పనామె అంటవేంది?"

అబద్ధం అక్కడ తెగిపోయింది. "నేనే రాజవ్వా," అన్నాను. "దోహాల నేను మేనేజర్ను గాదు. లాండ్రీల మరకలు తీసేటోన్ని. పద్నాలుగేండ్లు అదే పని జేసిన."

ఆ మాట జహీరాబాద్ గాలిలోకి వెళ్లడం అదే మొదటిసారి. పిడుగు పడుతుందనుకున్నాను. రాజవ్వ పకపకా నవ్వింది.

"పద్నాలుగేండ్లు! మరి గింత తెల్వదా? ఎర్రవడ్డ పసుపుకు పులుపు దాకితే మల్ల పసుపయితది. వో, వంటోళ్ల దగ్గర నిమ్మకాయలు దే, ఒక పది."

ఆ సంగతి నాకు తెలుసు! ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నేర్పారు. కంగారులో మెదడు కూడా సబ్బునీళ్లలో నానిందేమో, ఒక్క ముక్క గుర్తు రాలేదు. వంటవాళ్ల దగ్గరికి ఉరికి, విందు కోసం తెచ్చిన గంపలోంచి నిమ్మకాయలు రెండు గుప్పిళ్లు ఎత్తుకొచ్చాను. "గీ మామ పొద్దుగాల్నే పులిహోర జేస్తడా ఏంది?" అని వెనకనుంచి ఒకాయన అరవడం వినబడింది.

రాజవ్వ బకెట్లో నిమ్మరసం పిండి చీరను ముంచింది. నా కళ్లముందే ఆ ఎర్ర చారలు ఒక్కొక్కటే పసుపురంగుకు తిరిగాయి. నేను ఆమె కాళ్లకు దండం పెట్టబోతే, "జరుగు, చీర పిండు, గిదేం దండాల టైము గాదు" అని కసిరింది. ఇద్దరం చెరో కొస పట్టుకుని పిండాం. బండి మీద పరిచి ఆమె ఇస్త్రీపెట్టె నడిపిస్తుంటే, ముడత పడకుండా నేను గుంజి పట్టుకున్నాను. నడిరోడ్డు మీద, అందరూ చూస్తుండగా.

ఎరుపు పోయింది సరే. కానీ తెలుపు కూడా పోయింది. పసుపు అంతటా పాకింది కదా, చీర మొత్తం చామంతి రంగుకు వచ్చింది. ఎర్ర అంచు మాత్రం చెక్కు చెదరలేదు. దుకాణంలో ఎక్స్‌రే తీసినందుకు అదొక్కటీ దక్కింది.

వేడి వేడి చీర రెండు చేతులతో పట్టుకుని అక్క ముందు నిలబడ్డాను. అక్క చీర చూసింది. నన్ను చూసింది. దాచి లాభం లేదని అంతా చెప్పేశాను. పసుపును మరక అనుకోవడం, ఖాళీ గడి, సబ్బు, నిమ్మకాయలు చెప్పాను. చివరికి లాండ్రీ సంగతి కూడా చెప్పాను.

"అక్కా, నువ్వు ఒక్కటే పని చెప్పినవ్. అది గూడ చెడగొట్టిన. బావ వోయినప్పుడు గూడ నేను రాలే. నన్ను కొట్టు."

అక్క నిజంగానే కొట్టింది. వీపు మీద గట్టిగా ఒకటి. తర్వాత ఆ చెయ్యి అక్కడే ఉంచింది.

"లాండ్రీ సంగతి నాకెప్పుడో ఎర్కే."

"ఎట్ల?"

"ఫస్టు సారి లీవుల వచ్చినప్పుడు మీ బావ అంగి మీద పాన్ మరక వడితే, ఎవలికి జెప్పకుంట బాయికాడ గూసోని తీసి ఆరేసినవ్. కొత్త అంగి లెక్క అయింది. మేనేజర్లు బావల అంగీలు ఉతుకుతరారా? మీ బావ గా అంగి ఇంక ఎవలకు ఇయ్యలే, పండుగలకు అదే తొడిగిండు. నీకు నువ్వై చెప్తవని అప్పటి సంది చూస్తున్న. పిచ్చోడా, చేసిన పనికి సిగ్గెందుకు? నా బిడ్డ డిగ్రీ ఆ చేతులు పంపిన పైసలతోనే అయింది."

చీరతోనే కళ్లు తుడుచుకోబోయాను. "ఆగు, ఆగు! మల్ల దానికి ఏమన్న అంటిస్తవ్!" అని శిరీష లోపల్నుంచి ఉరికి వచ్చి చీర లాక్కుంది. దాన్ని భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంది. "అమ్మా, గిది తెల్లగున్నప్పటి కంటె మంచిగున్నదే!"

పదిన్నరకు మండపంలో పంతులుగారు చీర చూసి, "పీతాంబరం. శుభం" అని మంత్రం అందుకున్నారు. నేను శిరీష పక్కన నిలబడ్డాను. తలంబ్రాలు పూర్తయ్యేదాకా అక్కడి నుంచి కదల్లేదు. కళావతమ్మ మాత్రం ఊరుకుంటుందా?

"మేనేజరన్నా, పొద్దుగాల ఎర్రగుండె గద?"

జవాబు నేను చెప్పేలోపే అక్క మైకులో మాట్లాడినంత గట్టిగా అంది: "మా తమ్ముడు మేనేజర్ గాదు వదినె. దోహాల పద్నాలుగేండ్లు మరకలు తీసిండు. ఎంత జిద్దు మరకైన తీస్తడు. నిన్న మేం ముంచిన పసుపు గూడ మరక అనుకొని తీసిండు!"

మండపమంతా గొల్లుమంది. నేను తల వంచుకున్నాను. ఇక బీదర్‌వాళ్ల ముందు మా పరువు గంగలో కలిసిందనుకున్నాను. కళావతమ్మ నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"అన్నా, నిజంగ తీస్తవా? నా పట్టుచీరకు నూనె అంటింది, ఎవలితోని జెప్పుకోలేక కొంగు మడిచి కూసున్న."

ఆమె తర్వాత పెళ్లికొడుకు తండ్రి వచ్చాడు, కండువా మీద మటన్ పులుసుతో. ఆయన తర్వాత ఆయన తమ్ముడు. విందు నడుస్తున్నంతసేపూ నేను రాజవ్వ బండి దగ్గర నిలబడి బ్రష్షు కొడుతూనే ఉన్నాను, నా ముందు బీదర్ లైను కట్టింది. ఆకలితో ప్రాణం పోతోంది గానీ, పద్నాలుగేళ్లలో అంత సంతోషంగా ఎన్నడూ పని చేయలేదు. ఆఖరి బంతిలో నేను, రాజవ్వ పక్కపక్కన కూర్చుని తిన్నాం.

ఇప్పుడు ఆ గల్లీ మొదట్లోనే మా ఇద్దరి దుకాణం. మరకలు నావి, ఇస్త్రీ ఆమెది. శిరీష నెలకోసారి ఫోన్ చేస్తుంది. మొన్న చేసి, "మామా, ఒక ముచ్చట చెప్త, కోపం గావొద్దు" అంది. తన ఆడబిడ్డ పెళ్లికి కళావతమ్మ తెల్లచీరను నాలుగు మూలలు కాదు, మొత్తానికి మొత్తం పసుపులో ముంచిందట. ఎందుకని ఎవరో అడిగితే, "జహీరాబాద్‌ల గట్లనే జేస్తరు. ఆడ అది పాత ఆచారం" అని చెప్పిందట.

కాబట్టి చదువరులారా, మూడు తరాల తర్వాత బీదర్ నుంచి జహీరాబాద్ దాకా పెళ్లికూతుళ్లందరూ చామంతి రంగు చీరల్లో కనిపిస్తే, ఆ ఆచారం పుట్టింది ఏ శాస్త్రంలోనూ కాదని, ఒక తెలివితక్కువ మేనమామ బకెట్లో అని దయచేసి ఎవరికీ చెప్పకండి. నా వంతుగా నేను రాజవ్వ ఇస్త్రీపెట్టె మీద చెయ్యి పెట్టి, పెట్టె చల్లారాకే పెట్టాను లెండి, ప్రతిజ్ఞ చేశాను: ఈ జన్మలో తెల్లబట్ట మీద పసుపు కనిపిస్తే బ్రష్షు ముట్టను. ముందు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడి, "అమ్మా, ఇది మరకా, ముహూర్తమా?" అని అడుగుతాను. ముహూర్తమని చెబితే, అక్కడి నుంచి బకెట్‌తో సహా దూరంగా వెళ్లిపోతాను.